ఆఫ్రికా నుంచి తిరుగు ప్రయాణం: ఎల్లో ఫీవర్ కార్డు ఎక్కడ అడ్డం తిరుగుతుంది

నైరోబీ, ఎంటెబీ, లాగోస్... ఎక్కడి నుంచి ఇండియాకి తిరిగొస్తున్నా చెకిన్ కౌంటర్ దగ్గర పాస్‌పోర్టుతో పాటు ఎల్లో ఫీవర్ కార్డు (దోమల వల్ల వచ్చే ఈ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు చూపే పత్రం) చేతిలో ఉంచుకోండి. వెబ్ చెకిన్ అయిపోయింది కదా అనుకుంటే కుదరదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లతో వాదించినా లాభం లేదు, టైమాటిక్‌లో (ఏ దేశానికి ఏ పత్రాలు కావాలో ఎయిర్‌లైన్లు చూసుకునే డేటాబేస్) ఇండియా నిబంధన ఏముంటే వాళ్లు అదే చూస్తారు. ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశం వదిలిన 6 రోజుల్లోపు ఇక్కడ దిగితే కార్డు కావాలి. లేకపోతే ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసర్ 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

ఎక్కువమంది దొరికిపోయేది తేదీ దగ్గర. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. బయల్దేరడానికి 3 రోజుల ముందు వేయించుకుని, 5 రోజుల్లో పని ముగించుకుని వచ్చేస్తే కార్డు ఉన్నా లేనట్టే. పైగా ఒక వయల్‌లో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, తెరిచాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే కేంద్రాలు రోజులు పెట్టుకుని వేస్తాయి, వెళ్లిన రోజే దొరుకుతుందని లెక్కేసుకోవద్దు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

కార్డు మీద డాక్టర్ చేతి సంతకం ఉండాలి, స్టాంపు ఒక్కటే ఉంటే చెల్లదు. కొట్టివేతలూ దిద్దుబాట్లూ కూడా ప్రమాదమే. పిల్లలకి విడి కార్డు. పాస్‌పోర్టు మారితే కార్డు మీది నంబరు కలవదు, పాత పాస్‌పోర్టూ వెంట ఉంచుకోండి. పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉంటే మాత్రం కంగారు అక్కర్లేదు: 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది.

దారి ఎంచుకోవడంలోనే అసలు కిటుకు. ఎల్లో ఫీవర్ ముప్పు లేని దేశం నుంచి, ఆ ముప్పు ఉన్న ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా వస్తూ ఎయిర్‌పోర్టు దాటకుండా ఉంటే హెల్త్ ఆఫీసర్ ఒప్పుకున్న మేరకు కార్డు నుంచి మినహాయింపు ఉంది. లేఓవర్ (తర్వాతి విమానం కోసం ఆగే సమయం) ఎక్కువని ఎయిర్‌లైన్ ఉచితంగా ఇచ్చిన సిటీ హోటల్‌కి వెళ్లారా, ఆ మినహాయింపు పోయినట్టే. కార్డు లేనివాళ్లకి టెర్మినల్లో కుర్చీయే నయం.

నైరోబీ నుంచి దుబాయ్ వచ్చి, రెండు రోజులాగి, విడి టికెట్‌తో హైదరాబాద్ వచ్చేవాళ్లని దుబాయ్ కౌంటర్‌లో అడగకపోవచ్చు. దిగాక హెల్త్ డెస్క్ పాస్‌పోర్టులో కెన్యా ముద్ర చూస్తుంది, 6 రోజుల లెక్క నైరోబీ వదిలిన రోజు నుంచే మొదలుపెడుతుంది.