'సెవెన్ సమురాయ్': పాత బ్లూరే చాలా, కొత్త 4కే కొనాలా?

'సెవెన్ సమురాయ్' తీసిన జపాన్ దర్శకుడు కురొసావా సినిమాలు డిస్కుల మీద దాచుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే. అమెరికా డిస్కుల కంపెనీ క్రైటీరియన్ వాళ్ల 2010 బ్లూరే ఇంట్లో ఉంది, 2024 నవంబరులో అదే కంపెనీ తెచ్చిన 4కే సెట్‌కి మళ్లీ డబ్బు పెట్టాలా? పెడితే అమెరికా సెట్టా, బ్రిటన్ నుంచి వచ్చే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (బీఎఫ్ఐ) డిస్కా? నా ఓటు కొత్తదానికే. అయితే కవరు మీద 4కే అన్న అంకె చూసి వేసిన ఓటు కాదది.

ముందు ఆ అంకె సంగతి: 4కే అంటే బ్లూరేకి నాలుగింతల పిక్సెళ్లు. 1954 నాటి ఈ సినిమా అసలు కెమెరా నెగెటివ్ ఇప్పుడు లేదు. దాని నుంచి అప్పట్లో తీసిన మాస్టర్ పాజిటివ్, ఆ తర్వాతి డూప్ నెగెటివ్ వంటి నకళ్లే ఆధారం. ఫిల్మ్ నుంచి ఫిల్మ్‌కి నకలు తీసిన ప్రతిసారీ సన్నని వివరం కొంత పోతుంది, నీడలు మూసుకుపోతాయి. అలాంటి నకలును ఎంత పెద్ద సైజులో స్కాన్ చేసినా లేని వివరం పుట్టుకురాదు.

పైగా మన కంటికీ ఒక హద్దుంది. 43 అంగుళాల టీవీకి అయిదున్నర అడుగులు దాటి కూర్చుంటే మామూలు చూపుకి బ్లూరే బొమ్మలోని 1080 అడ్డగీతలు విడివిడిగా కనబడవు. 65 అంగుళాలకైతే ఆ హద్దు ఎనిమిదిన్నర అడుగులు. ఈ సినిమా ఫ్రేము వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లే (1.37:1) కాబట్టి ఇరుపక్కలా నల్లపట్టీలు పోను 65 అంగుళాల టీవీలో మీకు దక్కే బొమ్మ 54 అంగుళాలే. హాల్లో సోఫాలో కూర్చుని చూసే ఇంట్లో పిక్సెళ్ల లెక్కతో తేడా తేలదు.

తేడా తేలేది రెండుచోట్ల. ఒకటి, ఈ సినిమా తీసిన తోహో స్టూడియో చేయించిన 4కే పునరుద్ధరణ. ఇది 2016లోనే జపాన్ థియేటర్లలో ఆడింది. 2024లో కాన్ ఫెస్టివల్ క్లాసిక్స్ విభాగంలో వేశారు. 2010 బ్లూరే అంతకు ముందు చేసిన వేరే స్కాన్. ఆ రోజులకి అది గొప్ప పనే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాంట్లో వెలుగు మిణుకు తగ్గింది, బూడిదరంగు మెట్లు ఎక్కువ కనిపిస్తాయి, గుడిసెల లోపలి నీడల్లో మనిషి ఆకారం నిలబడుతుంది.

రెండోది వాన. నా దృష్టిలో డిస్కు ఎంపికను తేల్చేది ఇదే.

బందిపోట్లతో ఆఖరి పోరాటమంతా కుండపోత వానలో, బురదలో జరుగుతుంది. కురొసావా దాన్ని ఒకేసారి చాలా కెమెరాలతో, టెలిఫోటో లెన్సులతో తీశాడు. ముందున్న గుర్రం, వెనకున్న రైతు, మధ్యలో వానధార అన్నీ ఒకే పలకమీద అణిగినట్టు ఉంటాయి. వీడియో కుదింపు పనిచేసేది ఒక ఫ్రేముకీ పక్క ఫ్రేముకీ ఉన్న పోలిక మీద. పోలిక ఉన్నచోట తేడా మాత్రమే రాసుకుని డేటా మిగుల్చుకుంటుంది. వాన చినుకు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకచోట ఉండదు. ఫిల్మ్ మీది సన్నని గరుకు, అంటే గ్రెయిన్, కూడా అంతే. ఈ రెండూ కలిసిన చోట మిగుల్చుకోవడానికి ఏమీ ఉండదు. డేటా చాలకపోతే ముందు గ్రెయిన్ మెత్తబడి మైనంలా మారుతుంది, ఆ తర్వాత వానగీతలు ముక్కలవుతాయి, చివరికి బురద చిమ్మిన చోట చదరాలు పుడతాయి.

లెక్క వేసి చూడండి. సినిమా 207 నిమిషాలు, అంటే 12,420 సెకన్లు. 50 జీబీ బ్లూరే మొత్తం ఒక్క సినిమాకే ఇచ్చినా, ధ్వనితో కలిపి సగటున సెకనుకి 32 మెగాబిట్లు మించవు. 66 జీబీ యూహెచ్‌డీ (4కే డిస్కు) అయితే 42, 100 జీబీ అయితే 64. దానికితోడు యూహెచ్‌డీ వాడే హెచ్‌ఈవీసీ కుదింపు పద్ధతి అదే డేటాలో ఇంకా ఎక్కువ నిలుపుతుంది, వెలుగు మెట్లను మరింత సన్నగా రాసే 10 బిట్ల వల్ల ఆకాశంలో పొగమంచులో మెట్లు మెట్లుగా చీలడం తగ్గుతుంది. రెండు గంటల సినిమాకి బ్లూరే సుఖంగా సరిపోతుంది. మూడున్నర గంటల సినిమాకి, అందులోనూ ఇంత వానకి, ఇరుకే. 4కే డిస్కు విలువంతా నాకు ఈ జాగాలో కనిపిస్తుంది.

స్ట్రీమింగ్‌లో ఇదే దృశ్యానికి దక్కే డేటా ఇంకా తక్కువ. కథ తెలుసుకోవడానికి చాలు.

ఒక హెచ్చరిక. కొత్త డిస్కులో కూడా కొన్నిచోట్ల బొమ్మ ఉన్నట్టుండి మెత్తబడి, కొన్ని సెకన్లకి మళ్లీ తేటపడుతుంది. ఒక దృశ్యాన్ని ఇంకో దృశ్యం పక్కకి తోసేసే 'వైప్' ఉన్నచోట ముఖ్యంగా గమనించండి. అప్పట్లో వైప్ చేయాలంటే రెండు షాట్లనూ ఆప్టికల్ ప్రింటర్లో మళ్లీ ఫిల్మ్ మీదకి ఎక్కించాలి. అంటే అక్కడ ఇంకో తరం నకలు. డిస్కు పాడైందని వాపసు పంపొద్దు.

ఇక అమెరికాదా, బ్రిటన్‌దా అన్నది మీ ప్లేయర్ తేలుస్తుంది. 4కే యూహెచ్‌డీ డిస్కులకి రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో తేల్చే తాళం) లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. బ్లూరేలకి మాత్రం ఉంది: అమెరికా, జపాన్ 'ఏ', యూరప్, ఆస్ట్రేలియా 'బీ', ఇండియా 'సీ'. క్రైటీరియన్ సెట్లో ఒక 4కే డిస్కు, రెండు బ్లూరేలు ఉంటాయి. అదనపు విశేషాలు చాలావరకు ఆ బ్లూరేల్లోనే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య చేత తెప్పించుకుని హైదరాబాద్‌లో పెడితే 4కే డిస్కు నిక్షేపంలా ఆడుతుంది, ఇక్కడ కొన్న ప్లేయర్లో బ్లూరేలు మొరాయిస్తాయి. మరో జపాన్ దర్శకుడు ఒషీమా 1993లో కురొసావాతో జరిపిన రెండు గంటల సంభాషణ ఆ బ్లూరేల్లోనే ఉంది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. బీఎఫ్ఐ బ్లూరేకీ ఇదే చిక్కు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేనివాళ్లు కేవలం 4కే డిస్కు కోసమే కొంటున్నామని తెలిసి కొనాలి. అమెరికాలో ఉన్నవాళ్లకి క్రైటీరియనే మేలు. జులై, నవంబరు నెలల్లో బార్న్స్ అండ్ నోబుల్ సగం ధర అమ్మకాల దాకా ఆగండి. లండన్ వాళ్లకి బీఎఫ్ఐ చాలు.

ప్లేయర్ విషయంలో చాలామంది బోల్తాపడేది గేమ్ కన్సోళ్ల దగ్గర. డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కే డిస్కులు ఆడిస్తాయి. పీఎస్4 ప్రో పేరుకి 4కే, యూహెచ్‌డీ డిస్కు చదవదు.

జపాన్ దేశీయ డిస్కుల్లో సాధారణంగా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉండవు, జపనీస్ రానివాళ్లకి అనవసరం. యూరప్ టీవీ పద్ధతి 'పాల్'లో వచ్చిన పాత డీవీడీలు సినిమాకి ఉండాల్సిన 24కి బదులు సెకనుకి 25 ఫ్రేములతో నడుస్తాయి. సినిమా 199 నిమిషాలకే ముగిసి, గొంతులు కాస్త సన్నబడతాయి. దాదాపు యాభై నిమిషాలు కోసేసిన విదేశీ కత్తిరింపుల జోలికి అసలే వద్దు, 207 నిమిషాలు అని కవరు వెనక చూసుకోండి.

ఏది కొన్నా టీవీలో, ప్లేయర్లో కలిపి నాలుగు మార్చాలి. మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసేది), నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. ఇవి ఉంటే డిస్కు అంత కష్టపడి మోసుకొచ్చిన గ్రెయిన్‌ని టీవీయే తుడిచేస్తుంది. షార్ప్‌నెస్ సున్నాకి గానీ, మీ టీవీలో ఏ మార్పూ చేయని అంకెకి గానీ దించండి. ప్లేయర్లో 24 ఫ్రేముల అవుట్‌పుట్ పెట్టండి. నల్లపట్టీలు నచ్చక జూమ్ చేస్తే సమురాయ్ ఏడుగురి జెండా మీద ఆరు సున్నాల పైనో, అడుగునున్న అక్షరం దగ్గరో బొమ్మ తెగిపోతుంది. ధ్వనికి క్రైటీరియన్‌లో సరౌండ్ ట్రాక్ కూడా ఇచ్చారు, కానీ మోనో (ఒకే ఛానెల్) పెట్టుకోండి. వాన హోరులో సమురాయ్‌ల నాయకుడు కాంబెయ్ కేకలు మధ్య స్పీకరు నుంచి సూటిగా వస్తాయి.