ఫార్మాట్ మాట ఎత్తకుండా ముందు కారణం వెతికిన షాపు, నెల్లూరు

నెల్లూరులో గాంధీ బొమ్మ దగ్గర ఒక సందులో, మందుల షాపు పైన మేడ మీద ఒక లాప్‌టాప్ రిపేర్ షాపు ఉంది. బోర్డు మీద ‘లాప్‌టాప్ సర్వీస్’ అని మాత్రమే రాసి ఉంటుంది. పాత లాప్‌టాప్‌కి విండోస్ 11 వేయించాక అది మాటిమాటికీ ఆగిపోతూ ఉంటే, ఒకసారి అక్కడ చూపించుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ షాపు వాళ్లతో నాకు చుట్టరికం ఏమీ లేదు. డబ్బులిచ్చి పని చేయించుకున్నాను, పని బాగా చేశారు, అంతే.

నాది బుచ్చిరెడ్డిపాలెం. డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, కర్మ కార్డులు, ఉత్సవాలప్పుడు గుళ్ల కరపత్రాలు. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు కూడా కార్డు మేటర్ టైపు చేయించుకోడానికి నా దగ్గరికి వస్తుంటారు. ఈ పనంతా పేజ్‌మేకర్ 7 అనే పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో కొత్త వెర్షన్ రానేలేదు. పాత అను ఫాంట్లేమో యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఒకే అక్షరాల పద్ధతి, కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో నా ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ‘కొత్తది కొనేసుకోరాదా’ అని చెప్పేవాళ్లకు ఈ ఇబ్బంది తెలియదు. ఏళ్ల తరబడి చేసిన కార్డులన్నీ ఈ ఫైళ్లలోనే ఉన్నాయి. అన్నకు కార్డు కొట్టించుకున్న ఇంటివాళ్లు తమ్ముడి పెళ్లికి వచ్చి అదే డిజైన్ తీయమంటారు. లాప్‌టాప్ ఆగిపోతే నాకు ఆగిపోయేది బతుకుతెరువే.

నా లాప్‌టాప్ 2015లో కొన్నది. ఐ3, 5వ తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, ఇక దాన్ని వాడితే ప్రమాదమని అందరూ చెప్పడంతో తెలిసిన ఒకరు దీనికి విండోస్ 11 ఎక్కించి ఇచ్చారు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరం నుంచే విండోస్ 11కి అధికారిక మద్దతు ఉంది. నాది ఆ లిస్టులో లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే తనిఖీని దాటవేసి ఎక్కించారు. అలా దాటవేయొచ్చు, చాలామంది చేస్తున్నారు కూడా. కానీ చేసేముందు ‘ఇది దీనికి తగినది కాదు, రేపు ఏదైనా వస్తే మీదే బాధ్యత’ అని మనిషికి చెప్పాలి. నాకు ఆ ముక్క చెప్పలేదు.

తర్వాత మొదలైంది అసలు టెన్షన్. పేజ్‌మేకర్‌లో వినాయకుడి బొమ్మో, పెళ్లికూతురి ఫోటోనో పెట్టి కొంచెం జూమ్ చేసేసరికి స్క్రీన్ నల్లగా అయిపోయి, దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. ఇప్పటి విండోస్ 11లో పాత నీలం స్క్రీన్ తీసేశారు, నల్ల స్క్రీన్ వస్తుంది. ఒక్కోసారి రీస్టార్ట్ కూడా అయ్యేది కాదు. మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోయేది, ఏది నొక్కినా పలకదు. మాఘ మాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. ప్రూఫ్ పంపలేదేమని ఒకవైపు ఫోన్ల మీద ఫోన్లు.

వేరే చోట్ల చూపిస్తే అందరిదీ ఒకటే మాట: ‘ఫార్మాట్ కొట్టేద్దాం మేడం.’ ఒక చోటైతే విండోస్ కీకి, అంటే లైసెన్స్ నంబరుకి, విడిగా డబ్బులు అవుతాయన్నారు. ఎందుకు ఆగిపోతోందని అడిగితే, పాతది కదా అన్నారు. పాతదని నాకూ తెలుసు. దానిలో ఏ భాగం ఏమైందో చెప్పాలి కదా.

గాంధీ బొమ్మ దగ్గరి షాపులో నా లాప్‌టాప్ చూసిన అబ్బాయి ఇంకా చిన్నవాడే. లాప్‌టాప్ తెరవకముందే అడిగాడు, ‘అక్కా, ఆగిపోయినప్పుడు స్క్రీన్ కింద ఏం రాసి ఉండాదో ఫోటో ఏమన్నా తీశారా?’ అని. నా ఫోన్‌లో ఉంది, చూపించాను. కింద చిన్న అక్షరాల్లో ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అని ఉంది. దాని అర్థం నాకు విడమరిచి చెప్పాడు. బొమ్మ గీసే పనిని విండోస్, స్క్రీన్ మీద బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాఫిక్స్ డ్రైవర్‌కి అప్పగించి మామూలుగా 2 సెకన్లు చూస్తుందట. ఆలోపు జవాబు రాకపోతే డ్రైవర్‌ని రీసెట్ చేయబోతుంది. అదీ కుదరకపోతే మొత్తం ఆపేసి ఈ స్క్రీన్ చూపిస్తుంది. ఫోటోలు పెట్టినప్పుడే ఎందుకు పోతోందో నాకు అక్కడే అర్థమైంది.

‘మరి మౌస్ బిగుసుకుపోయేది కూడా ఇదేనా?’ అంటే, కాకపోవచ్చు, అది వేరుగా చూడాలన్నాడు. ఈ షాపు మీద నాకు గురి కుదిరింది ఇక్కడే. రెండు లక్షణాలు కనిపిస్తే రెండింటినీ ఒకే గాటన కట్టలేదు.

సేఫ్ మోడ్‌లో పెట్టి చూశాడు. సేఫ్ మోడ్‌లో లాప్‌టాప్ సొంత గ్రాఫిక్స్ డ్రైవర్ నడవదు, విండోస్‌తో వచ్చే మామూలు డిస్‌ప్లే డ్రైవర్ మాత్రమే నడుస్తుంది. అక్కడ ఎంతసేపు ఉంచినా నల్ల స్క్రీన్ రాలేదు. అంటే దాని సంగతి డ్రైవర్ దగ్గరే ఉందన్నమాట. కానీ సేఫ్ మోడ్‌లోనే పెళ్లి కార్డుల ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే మధ్యలో అచ్చం ఇంట్లో జరిగినట్టే బిగుసుకుపోయింది. డ్రైవర్ పక్కకు తప్పుకున్నా ఇది పోలేదు కాబట్టి ఇక చూడాల్సింది డిస్కు.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి స్క్రీన్ నా వైపు తిప్పాడు. పచ్చగానో నీలంగానో ఉండాల్సిన చోట పసుపు రంగులో ‘కాషన్’ (జాగ్రత్త) అని ఉంది. డిస్కులో డేటా రాసి ఉండే చిన్న చిన్న గదుల్ని సెక్టార్లు అంటారు; పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, సరిగ్గా చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు రెండూ ఉన్నాయి. చెరిగిపోయిన పాత దస్తావేజులో ఒక్క అక్షరం కోసం మళ్లీ మళ్లీ చూసినట్టు, డిస్కు అలాంటి సెక్టార్ దగ్గర ఆగి పదే పదే చదవడానికి ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ దాని కోసం కాచుకుని ఉంటుంది. మనకు అది మౌస్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. డిస్కుని చెడగొట్టింది అప్‌గ్రేడ్ కాదని, లోపల ఎప్పటి నుంచో అరుగుతూ వస్తోందని చెప్పాడు. అప్‌గ్రేడ్ అంటే పాత సిస్టంని పక్కన పెట్టి కొత్తదాన్ని మొత్తం డిస్కు మీద రాయడమే కాబట్టి, అప్పటిదాకా దాగి ఉన్న రోగం అప్పుడు బయటపడింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. విండోస్ ఆగిపోతే చెక్‌డిస్క్, అంటే విండోస్‌లోనే ఉండే డిస్కు తనిఖీ, పెట్టమని ఎక్కడ చూసినా సలహా ఉంటుంది. నేనూ అడిగాను. ఆ అబ్బాయి వద్దన్నాడు. పోయే దశలో ఉన్న డిస్కు మీద చెక్‌డిస్క్ పూర్తి స్కాన్ పెడితే అది డిస్కు మొత్తం చదువుతూ, దిద్దుతూ గంటల తరబడి తిప్పుతుంది. మిగిలిన కాస్త ప్రాణం దానికే పోవచ్చు. ముందు ఫైళ్లు బయటికి తీసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఇంకేదైనా అన్నాడు. డిస్కు విప్పి వాళ్ల కంప్యూటర్‌కి తగిలించి, నేను ముందు ఏది కావాలో చెబితే ఆ వరసలోనే తీశాడు: నడుస్తున్న ఆర్డర్లు, తర్వాత పాత పెళ్లి కార్డులు, ఆ తర్వాత ఫాంట్ల ఫోల్డర్, చివరికి ఇంట్లో ఫోటోలు. కొన్ని ఫోటోలు రాలేదు. కార్డులన్నీ వచ్చాయి. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్న చోట వదిలి వచ్చి ఉంటే ఇవన్నీ పోయేవని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ర్యామ్ కూడా వదల్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష రాత్రంతా పెట్టి ఉంచారు, తప్పులేమీ రాలేదు. ఫ్యాన్ దగ్గర దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చారు.

మర్నాడు ఓనర్ అన్న కూర్చోబెట్టి దారులు చెప్పాడు. మొదటిది, విండోస్ 11లోనే ఉండడం. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఈ మోడల్‌కి ఇచ్చిన ఆఖరి గ్రాఫిక్స్ డ్రైవర్ విండోస్ 10 వరకే ఉంది. దాన్ని విండోస్ 11లో వేసి చూస్తే నల్ల స్క్రీన్ రాలేదట. అయితే ఏదో ఒక అప్‌డేట్ దాన్ని మళ్లీ మార్చేయొచ్చు కాబట్టి గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. రెండోది, హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగంగా పనిచేసే కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ 10కే తిరిగి వెళ్లడం. అప్‌గ్రేడ్ చేశాక మామూలుగా 10 రోజుల్లోపు అయితే సెట్టింగ్స్‌లో నుంచే వెనక్కి వెళ్లే వీలుంటుంది, నాకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి కొత్తగా ఎక్కించాల్సిందే. భద్రతా అప్‌డేట్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి అవి వస్తాయి. దానికి విండోస్ 10లో ఆఖరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ కీ కొనాలా అని అడిగాను. ఈ లాప్‌టాప్‌లో విండోస్ 10 లైసెన్స్ ఇంతకుముందే యాక్టివేట్ అయి ఉంది, అది మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్కు మార్చినా నెట్ కలపగానే దానంతట అదే వస్తుందన్నాడు. అలాగే వచ్చింది కూడా. కీ పేరుతో విడిగా డబ్బులు అడిగేవాళ్లని ఈ మాట ఒకటి అడగండి.

ఆ ఈఎస్‌యూ గడువు అయిపోయాక ఏం చేయాలో కూడా అడగకుండానే చెప్పాడు. అప్పటి నుంచి ఈ లాప్‌టాప్‌ని నెట్‌కి కలపకుండా పేజ్‌మేకర్‌కి మాత్రమే ఉంచుకోండి, బ్యాంకు పనులు దీంట్లో చేయకండి అన్నాడు. కొత్తది అమ్మే ఆలోచన ఉన్న మనిషి ఇలా చెప్పడు. నేను రెండో దారే ఎంచుకున్నాను.

బిల్లు ఇది: 256 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,600, అదనంగా ఇంకో 4 జీబీ ర్యామ్ 1,100, డేటా తీసినందుకు 500, మిగతా పనికి 700. మొత్తం 4,900 రూపాయలు. మొదట తీసుకున్న చెకింగ్ చార్జీ 300 ఇందులోనే కలుపుకున్నారు. ర్యామ్ పాత డీడీఆర్3 రకం కాబట్టి వాడినదే పరీక్షించి వేస్తామని ముందే చెప్పారు. ఎస్‌ఎస్‌డీ వారంటీ కార్డు, పాత డిస్కు రెండూ చేతిలో పెట్టారు. ఇప్పుడు లాప్‌టాప్ ఆన్ చేసి కుర్చీ సర్దుకునేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. నల్ల స్క్రీన్ లేదు, బిగుసుకుపోవడం లేదు.

ఇచ్చేముందు నన్ను కూర్చోబెట్టి ఒక పాత పెళ్లి కార్డు తెరవమన్నారు. పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ దగ్గర వత్తులు సరిగ్గా పడ్డాయా, పీడీఎఫ్ చేస్తే అలాగే వస్తోందా అన్నీ నేనే చూసుకున్నాను. అను కీబోర్డు నేను వాడే పద్ధతిలో లేకపోతే అక్కడే మార్పించుకున్నాను. పేజ్‌మేకర్, అను గురించి వాళ్లకు పెద్దగా తెలియదు. తెలియదని ఒప్పుకుని నన్నే చెప్పమన్నారు, నాకు అది నచ్చింది.

బాగోలేనివీ ఉన్నాయి. చెప్పిన రోజుకి ఇవ్వలేదు. ఆలస్యమవుతుందని ఫోన్ కూడా చేయలేదు, మనం చేస్తే చాలాసార్లు ఎత్తరు. పెళ్లివాళ్లు నా మీద కేకలేస్తుంటే నేను ఎవరిని అడగాలి? ముందుగా అంచనా కాగితం మీద రాసివ్వరు, నోటిమాటే. నా విషయంలో మాట తప్పలేదు గానీ రాసిస్తే మంచిది. మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే పిలిస్తే ఆ అబ్బాయి దిగి వచ్చి తీసుకుంటాడు. కూర్చోడానికి రెండే స్టూళ్లు.

వెళ్లేవాళ్లు చార్జర్ తప్పకుండా తీసుకెళ్లండి. ఆగిపోయినప్పుడు వచ్చే స్క్రీన్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, అది ఆగిపోయే ముందు మీరు ఏం చేస్తున్నారో గుర్తు పెట్టుకుని చెప్పండి. మీరు వాడే సాఫ్ట్‌వేర్ సీడీలు, లైసెన్స్ కాగితాలు ఉంటే అవి కూడా తీసుకెళ్లండి. డేటా ఏ వరసలో ముఖ్యమో ఇంట్లోనే ఒక చీటీ మీద రాసుకుని వెళితే వాళ్ల పని తేలికవుతుంది. ఆదివారం షాపు ఉండదు. సాయంత్రం జనం ఎక్కువ, పొద్దున 11 గంటలకల్లా వెళితే నింపాదిగా మాట్లాడతారు. బండి సందులో పెట్టనివ్వరు, మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచి వెళ్లాలి.