ఫర్నేస్, ఏసీ రెండూ తీసేసి హీట్ పంప్ పెట్టించాం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఇల్లంతటికీ వేడి, చల్లదనం ఇచ్చే సిస్టమ్ మార్పించామని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది?" అని. మా హీట్ పంప్, అంటే వేసవిలో ఇంట్లోని వేడిని బయటికీ, చలికాలంలో బయటి వేడిని ఇంట్లోకీ మోసే యంత్రం, కొన్ని చలికాలాలు, కొన్ని ఎండాకాలాలు గడిపింది. ఇంతకాలం వాడాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే. యంత్రానికి పెట్టిన డబ్బు కన్నా గదులు కొలవడానికి, డక్టులు (గాలిని గదులకు చేర్చే గొట్టాలు) బాగుచేయడానికి, పైపులు శ్రద్ధగా అతకడానికి పెట్టిన డబ్బే మాకు ఎక్కువ సుఖాన్నిచ్చింది. కొటేషన్లలో అందరూ కోయించేది మాత్రం సరిగ్గా ఆ భాగాన్నే.

మాకు ముందు గ్యాస్ మండించి ఇంటిని వేడిచేసే ఫర్నేస్, దాని మీద ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే పైపుల చుట్ట), బయట కంప్రెసర్ ఉండేవి. రెండింటికీ డక్టులు ఒకటే. మంచి ఎండల్లో కంప్రెసర్ కాలిపోయింది. ఆర్-22 అనే చల్లబరిచే గ్యాస్ మీద నడిచే పాత యంత్రం అది. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అభివృద్ధి చెందిన దేశాల్లో 2020 నుంచి ఆ గ్యాస్ తయారీ దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది పాత యంత్రాల్లోంచి తీసి శుద్ధి చేసిన గ్యాసే. పైగా కంప్రెసర్ కాలినప్పుడు లోపలి నూనెలో ఆమ్లం పుట్టి పైపులన్నిటికీ పాకుతుంది. వాటిని కడిగి శుభ్రం చేయకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అదీ ఎక్కువకాలం బతకదు. అందుకే రిపేరు మాట వదిలేశాం.

"బయటి యూనిట్ ఒక్కటి మార్చేద్దాం సార్, చవకలో అయిపోతుంది" అన్న వాళ్లూ వచ్చారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆర్-22 తర్వాత వచ్చిన ఆర్-410ఏ గ్యాస్ దానికంటే సగానికి పైగా ఎక్కువ ఒత్తిడితో నడుస్తుంది, దాని నూనె కూడా వేరు. ఇలాంటిదే మరో గ్యాస్ ఆర్-32 ఒత్తిడీ ఇంచుమించు అంతే. పాత లోపలి కాయిల్ ఆ ఒత్తిడికి తయారైంది కాదు. లోపలి కాయిల్, బయటి యూనిట్ ఒకదానికొకటి సరిపోయే జతగా ఉంటేనే కంపెనీ చెప్పిన సామర్థ్యం వస్తుంది, వారంటీ నిలుస్తుంది. ఫర్నేస్‌కి కూడా వయసైపోయింది. అందులోని హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) బీటలు వారితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. నిద్రపోయే మనుషులున్న ఇంట్లో ఆ ప్రమాదాన్ని పెట్టుకోవడం నాకిష్టం లేదు. రెండు పనులూ ఒకే యంత్రం చేసే హీట్ పంప్‌కి అలా వచ్చాం.

కొటేషన్లు చాలానే తీసుకున్నాం. ఎక్కువమంది పాత యూనిట్ మీద రేకు చూసి "నాలుగు టన్నులు" అని రాసుకుని వెళ్లిపోయారు. ఒకే ఒక్కాయన ప్రతి గదిలోకీ వెళ్లి టేపు పట్టి కొలిచాడు. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, అద్దం ఒక పొరా రెండు పొరలా, అటక మీద ఇన్సులేషన్ ఎంత మందంగా ఉందీ చూశాడు. లెక్క కట్టి మూడు టన్నులు చాలన్నాడు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని మోసుకుపోయే శక్తి. ఇంట్లో అందరికీ అనుమానమే. "ఉన్నదానికన్నా చిన్నది పెట్టించుకోవడమేంటి నాన్నా, పెద్దదుంటే పోయేదేముంది?" అంది అమ్మ.

పోయేది చాలా ఉంది. పెద్ద యంత్రం గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ కాయిల్ మీద నీరుగా మారి, డ్రెయిన్ పైపు దాకా జారాలంటే యంత్రం కొంతసేపు ఆగకుండా నడవాలి. అలా నడవకపోతే గది చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిగటగా ఉంటుంది. మా పాత ఏసీతో ఎన్నో ఏళ్లు అనుభవించింది అదే. కొత్త యంత్రంలో ఉండే ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకోగలదు నిజమే. కానీ దానికీ ఒక కింది హద్దు ఉంటుంది. మరీ పెద్దది తీసుకుంటే ఎండ తక్కువున్న రోజుల్లో ఆ హద్దుకి కూడా దిగువన పని పడి, ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. ఇప్పుడు మా మూడు టన్నుల యంత్రం నిండు వేసవిలో రోజంతా నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ మునుపటికన్నా రెండు డిగ్రీలు ఎక్కువ పెట్టినా హాయిగా ఉంటోంది. అమ్మ దుప్పటి కప్పుకుని పడుకుంటోంది.

బిల్లు సంగతికొస్తాను. మొత్తంలో లోపలి, బయటి యూనిట్ల ధర కలిపినా సగం కాలేదు. మిగతాదంతా పాత యంత్రాల తొలగింపు, అందులోని గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా పట్టడం, కొత్త బ్రేకర్లు, వైర్లు, బయట స్టాండు, డ్రెయిన్, అనుమతి రుసుము, కూలి, డక్టుల పని. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి కింది అంకె మాత్రమే చూస్తే ఏమీ తెలియదు. చవక కొటేషన్‌లో డక్టుల పని అసలు ఉండదు. చలి మరీ ఎక్కువైతే తోడుగా నడిచే బ్యాకప్ హీటర్‌కి కరెంటు ప్యానెల్ సరిపోతుందా లేదా అన్నది ఎవరూ చూసి ఉండరు. అది పని మొదలయ్యాక "అదనం" పేరుతో బయటికొస్తుంది. మా కొటేషన్‌లో ఇవన్నీ విడివిడి వరసలుగా రాయించుకున్నాం. చివరి బిల్లు దాన్ని దాటలేదు.

డక్టుల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి ఆడాలి. మామూలు బ్లోయర్లను ఎక్కువగా 0.5 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర, అంటే సుమారు 125 పాస్కల్స్ దగ్గర పనిచేసేలా రూపొందిస్తారు. మీటరు పెట్టి చూస్తే మా పాత డక్టుల్లో దాదాపు దానికి రెట్టింపు వచ్చింది. గాలి వెనక్కి వచ్చే దారి, రిటర్న్ డక్టు, చాలా ఇరుకు. అటక మీద అతుకుల దగ్గర గాలి బయటికి కారిపోతోంది. అంటే డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి అటకకి వెళ్తోంది. హాల్లో రెండో రిటర్న్ కోయించాం, అతుకులన్నిటికీ గాలి కారకుండా మాస్టిక్ అనే జిగురు ముద్ద పూయించాం, ఒక అంగుళం ఫిల్టర్ తీసి నాలుగు అంగుళాల మందం ఉన్నది పెట్టించాం. ఈ పనికైన డబ్బుతో యంత్రంలో ఇంకో మెట్టు పైమోడల్ వచ్చేది. అది వద్దని దీనికే పెట్టాం. బ్లోయర్ మోత తగ్గింది, చివరి గదికి కూడా గాలి అందుతోంది. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా ఇరుకు డక్టు మీద బిగిస్తే ఈ మార్పు వచ్చేది కాదు.

బిగించే రోజు పక్కనే నిలబడి చూశాను. రాగి పైపులు అతికేటప్పుడు లోపల నత్రజని పారుతూ ఉండాలి. లేకపోతే వేడికి పైపు లోపల నల్లటి పొట్టు కట్టి, అది తర్వాత వాల్వులకి అడ్డం పడుతుంది. అతికాక నత్రజనితో ఒత్తిడి పెట్టి లీకు చూడాలి. ఆపైన వాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలి, తేమ తీసేసి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ని కొలిచే కొలత) కిందికి లాగి, పంపు ఆపినా ఆ అంకె నిలబడుతోందా అని చూడాలి. తేమ మిగిలితే అంకె పైకి పాకుతుంది. దీనికి గంటలు పడుతుంది. కూలి తగ్గించి కొటేషన్ ఇచ్చినవాళ్లు కోత పెట్టేది ఇక్కడే, ఆ కోత కొన్నవాళ్లకి ఏళ్ల తర్వాత గానీ తెలియదు. మా పనివాళ్లు తొందరపడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గ్యాస్ నింపాల్సి రాలేదు.

గ్యాస్ విషయంలో ఆర్-32 ఎంచుకున్నాం. భూతాపం పెంచే శక్తి లెక్కలో ఆర్-410ఏ అంకె 2088 అయితే దీనిది 675. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణతో ఇలాంటి గ్యాసులన్నిటికీ క్రమంగా కత్తెర పడుతోంది కాబట్టి రేపు రిపేరుకి దొరికే గ్యాస్ ఏదో ఇవాళే ఆలోచించాలి. ఆర్-32కి కాస్త మండే గుణం ఉంది, దానికి తగిన జాగ్రత్తలు తెలిసినవాళ్లే బిగించాలి.

చలికాలంలో మొదట అలవాటు పడాల్సింది గాలి తీరుకి. ఫర్నేస్ 50 డిగ్రీలు దాటిన గాలిని భగ్గున ఊదేది. హీట్ పంప్ గాలి 35, 40 మధ్య ఉంటుంది. చెయ్యి పెడితే వేడిగా అనిపించదు. కానీ ఆగకుండా వస్తుంది కాబట్టి ఇల్లంతా ఒకేలా ఉంటుంది. గడ్డకట్టే చలిలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటే యంత్రం దాన్ని కరిగించుకోడానికి డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది, బుస్సుమని ఆవిరి లేస్తుంది, కొన్ని నిమిషాలు లోపలి గాలి చల్లబడుతుంది. అది లోపం కాదు. రాత్రి థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున్నే పెంచే అలవాటు మాత్రం మానుకోవాలి. అలా పెంచినప్పుడు బ్యాకప్ కరెంటు హీటర్లు అందుకుంటాయి. అవి ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తాయి. పంపు మామూలు చలిలో మూడు దాకా ఇస్తుంది, చలి ముదిరితే రెండు దగ్గరికి దిగుతుంది. బయటి ఉష్ణోగ్రత ఫలానా అంకెకి దిగితే తప్ప హీటర్లు వెలగకుండా సెట్టింగ్ పెట్టించాను. ఇది అడిగి చేయించుకోవాల్సిందే.

నెలవారీ ఖర్చు తగ్గుతుందా అని అడిగితే, మీ ఇంటి రేట్లతో లెక్క వేసుకోవాలి. ఫర్నేస్‌లో మండే గ్యాస్ రేటునీ కరెంటు రేటునీ కిలోవాట్ అవర్‌కి ఎంతో తెలుసుకోండి. ఫర్నేస్ సామర్థ్యం 90 శాతం, పంపు సగటున ఒకటికి మూడు ఇస్తుందనుకుంటే, కరెంటు రేటు గ్యాస్ రేటుకి సుమారు 3.3 రెట్ల లోపు ఉన్నంతవరకు పంపే చవక. సగటు 2.5 అయితే ఆ హద్దు 2.8 రెట్లకి పడిపోతుంది. హద్దు దాటితే చలికాలం బిల్లు పెరుగుతుంది, ఎవరెన్ని బ్రోచర్లు చూపించినా సరే. మా రేట్లు హద్దు లోపలే ఉన్నాయి, కానీ మరీ దూరంగా లేవు. అందుకే చలికాలంలో మిగులు కొద్దిగానే కనిపిస్తోంది, వేసవిలో స్పష్టంగా కనిపిస్తోంది.

ఫిర్యాదులూ ఉన్నాయి. బయటి యూనిట్‌లో కంట్రోల్ బోర్డు ఒకసారి పోయింది. బోర్డు వారంటీలో వచ్చింది. దాన్ని మార్చిన కూలి కూడా మా చేతి నుంచి పోలేదు, ఎందుకంటే పనికి కూడా వారంటీ ఉండాలని ముందే రాయించుకున్నాం. "పదేళ్ల వారంటీ" అని పెద్దక్షరాల్లో కనిపించేది సాధారణంగా విడిభాగాలకే. బోర్డు వచ్చేదాకా బ్యాకప్ హీటర్లతో గడిపాం, ఆ బిల్లు గట్టిగానే తగిలింది. ఇంకొకటి, ఈ యంత్రం తన కంపెనీ థర్మోస్టాట్‌తోనే పూర్తిగా మాట్లాడుతుంది. వేరేది పెడితే ఇన్వర్టర్ లాభం చాలావరకు పోతుంది. కొనే ముందు ఈ సంగతి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పై అంతస్తులో పడమటి గది ఇంకా సాయంత్రాలు వేడెక్కుతోంది. డక్టుల్లో గాలిని ఆపే తలుపుల్లాంటి డ్యాంపర్లు పెట్టి, ఇంటిని విడివిడిగా అదుపుచేసే జోన్లు చేద్దామని ఒకరు, ఆ గదికి విడిగా చిన్న స్ప్లిట్ పెట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. ముందు అటక మీద ఇన్సులేషన్ పెంచి, ఆ కిటికీకి బయటి వైపు నీడ కట్టించి, ఒక వేసవి చూశాక నిర్ణయిస్తాం.