గొర్రెపిల్ల పేరున్న గాలిమర: పిల్లలతో జాన్సె స్ఖాన్స్

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గరలో, పాత గాలిమరలున్న చోటు జాన్సె స్ఖాన్స్. మొదటిసారి వెళ్లినప్పుడు గాలి లేదు. ఆగస్టు నెల, ఆకు కూడా కదలని మధ్యాహ్నం. జాన్ నది ఒడ్డున గాలిమరలన్నీ రెక్కలు చాచి, ఫొటోకు నిలబడ్డ పెళ్లిపెద్దల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఐదేళ్ల మా చిన్నది కాసేపు చూసి, "అమ్మా, దీని స్విచ్ ఎక్కడ ఉంటుంది?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పెద్దవాడు రుచి చూడమని పెట్టే చీజ్ ముక్కల కోసం మూడోసారి వరుసలో నిలబడ్డాడు. పిల్లలతో వెళ్లే చోటు కాదని ఆ రోజే తేల్చేసి, అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాను.

ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈ ఏప్రిల్లో మా నాన్న భీమవరం నుంచి వచ్చారు. ఆమ్‌స్టల్‌వేన్‌లో మా ఇంటి కిటికీలు రెండు రోజులుగా ఈదురుగాలికి ఈల వేస్తున్నాయి. ఇంట్లో కూర్చుంటే పిల్లలు కొట్టుకుంటారు కాబట్టి, పులిహోర డబ్బాలో సర్దుకుని బయలుదేరాం. అసలు కిటుకు అక్కడే ఉంది. ఎండ చూసి కాదు, గాలి చూసి వెళ్లాలి. చెట్ల కొమ్మలు ఊగేంత గాలి ఉన్న రోజున జాన్సె స్ఖాన్స్ వేరే ఊరు.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. జాన్‌డైక్ స్టేషన్లో దిగగానే కోకో వాసన ముక్కును తాకుతుంది. పక్కనే కోకో గింజల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి నుంచి వంతెన మీదుగా పదిహేను నిమిషాల నడక. వంతెన దగ్గరే మొదటి మర కనిపిస్తుంది, పిండి మర. దాని పేరు 'డి బ్లేకె డోడ్', అంటే పాలిపోయిన మృత్యువు. ఒళ్లంతా పిండి పడి తెల్లగా ఉండే మరకు ఆ పేరు సరిపోయిందనే అనుకుంటాను. చిన్నది మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని అవతలి వైపు నుంచి నడిచింది.

డచ్చివాళ్లు మరలకు పేర్లు పెట్టడం పిల్లలకు తెగ నచ్చింది. వంతెన దాటాక నది వెంట వరుసగా గొర్రెపిల్ల, పిల్లి, చుక్కల కోడి, వెతికేవాడు, ఎద్దు... అర్థాలు నేను ముందే చదివి పెట్టుకున్నాను. చిన్నదానికి అదొక జంతుప్రదర్శనశాల. ఎద్దుకు రెక్కలు లేవని గమనించి, "ఎద్దులకు రెక్కలు ఉండవు కదా" అని తానే సమాధానపడింది. ఈ జాన్ నది చుట్టుపక్కల ఒకప్పుడు ఒకే కాలంలో ఆరు వందల దాకా మరలు తిరిగేవట. నూనె, రంగులు, కాగితం, ఆవాలు, కలప అన్నీ గాలితోనే. ఇప్పుడు ఉన్నవాటిలో కొన్ని వేరే చోట్ల నుంచి ఊడదీసి తెచ్చి పెట్టినవి, కొన్ని కొత్తగా కట్టినవి. అది తెలిసి మా ఆయన పెదవి విరిచారు. నాకైతే పట్టింపు లేదు. లోపల పని జరుగుతోందా లేదా అన్నదే నా లెక్క.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక్క మరకే డబ్బు పెట్టగలిగితే 'హెట్ యోంగె స్ఖాప్', అంటే గొర్రెపిల్లకు పెట్టండి. అది కలప కోసే మర. 1680 నాటి పాతది 1942లో కూల్చేశారు; కూల్చక ముందు ఒకాయన కొలతలతో సహా గీసిపెట్టిన బొమ్మల ఆధారంగా 2007లో మళ్లీ కట్టారు. పక్కన నీళ్లలో దుంగలు తేలుతుంటాయి. ఒక్కో దుంగను గొలుసుతో వాలు మీదుగా పైకి లాగేదీ గాలే. దాన్ని బండి లాంటి చట్రం మీద బిగిస్తారు. ఎదురుగా నిలువు చట్రంలో రంపపు బద్దలు పైకీ కిందకీ ఆడుతుంటాయి. మేము వెళ్లేసరికి సగం కోసిన దుంగ ఉంది. మరంతా ఓడలా ఊగుతోంది. గాలి ఒక్కసారి ఊపు అందుకుంటే రంపం 'ఖర్, ఖర్, ఖర్' అని పరుగెడుతుంది, తగ్గితే ముసలాయన దగ్గులా ఆగి ఆగి వస్తుంది. పెద్దవాడు తల పైకెత్తి చూరు వైపు, మళ్లీ రంపం వైపు చూస్తూ, "అక్కడ గుండ్రంగా తిరుగుతోంది, ఇక్కడ పైకీ కిందకీ ఎలా వెళ్తోంది?" అన్నాడు.

వాడి నోట అంతకంటే మంచి ప్రశ్న నేను ఆ ఏడాదిలో వినలేదు. మర నడుపుతున్న పెద్దమనిషి వాణ్ని మెట్లెక్కించి చూపించారు. రెక్కల ఇరుసు మీద పెద్ద పళ్లచక్రం, అది తిప్పే అడ్డ ఇరుసు. ఆ అడ్డ ఇరుసు తిన్నగా ఉండదు, వంకీలు తిరిగి ఉంటుంది. వంకీ పైకి వచ్చినప్పుడు రంపం పైకి, కిందకు వెళ్తే కిందకు. పక్కనే ఒక కొక్కెం 'టిక్' అంటూ పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను జరుపుతుంది. రంపం ఒక్కసారి కోసినప్పుడల్లా దుంగ దానంతట అదే కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. కొర్నేలిస్ కొర్నేలిస్‌జోన్ అనే ఆయన 1590లలో కనిపెట్టి హక్కులు రాయించుకున్న పనితనం ఇది. మన ఊళ్లలో కోత మిల్లులు రాకముందు ఒకడు పైన, ఒకడు గోతిలో నిలబడి రోజంతా రంపం లాగేవాళ్లని నాన్న చెప్పారు. ఇక్కడ ఆ ఇద్దరి పనీ గాలి చేసింది, ఓడల పలకలు కుప్పలుగా తెగాయి. 1697లో రష్యా చక్రవర్తి పీటర్ ఓడలు కట్టడం నేర్చుకోవడానికి ఇక్కడికి దగ్గరలోని జాన్‌డామ్‌కే వచ్చాడు. ఇలాంటి మరలే లేకపోతే డచ్చివాళ్లు అన్ని ఓడలు కట్టగలిగేవాళ్లు కాదు, మన మచిలీపట్నం, భీముని పట్నం దాకా వచ్చి వర్తక కోఠీలు పెట్టేవాళ్లూ కాదేమో. ఈ సంగతి పెద్దవాడికి చెబితే, "అయితే తప్పు ఈ రంపానిదా?" అన్నాడు.

తర్వాత వెతికేవాడు, 'డి జూకర్'. ఇది నూనె మర, 1968లో ఇక్కడికి తెచ్చారు. అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయారు. "ఇది గానుగే" అన్నారు. వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో ఎద్దు తిప్పే గానుగ ఉండేదట. ఇక్కడ ఎద్దు లేదు. నిలబెట్టిన రెండు పెద్ద రాతి చక్రాలు గుండ్రంగా దొర్లుతూ అవిసె గింజల్ని నలుపుతున్నాయి. నలిగిన పిండిని పొయ్యి మీద పళ్లెంలో కలియబెడుతూ వేడి చేస్తారు, ఉన్ని సంచుల్లో నింపుతారు, దిమ్మలో ఇరికిస్తారు. అసలు తమాషా ఆ తర్వాతే. దిమ్మలో ఒక చెక్క చీల ఉంటుంది. పై నుంచి బరువైన దూలం లేచి లేచి ఆ చీల మీద పడుతుంది. ఒక్కో దెబ్బకు చీల కాస్త దిగుతుంది, సంచులు బిగుసుకుంటాయి, కింద గిన్నెలోకి సన్నటి పసుపు ధార మొదలవుతుంది. మొదట్లో ధబ్ మని మెత్తగా పడే దెబ్బ, చీల బిగిసేకొద్దీ ఠంగు మంటుంది. ఇక దిగదని చెవితోనే తెలిసిపోతుంది. ఆ మోతకు నూనె మరల పనివాళ్లకు పూర్వం చెవుడు వచ్చేదట. చిన్నది రెండు చెవులూ మూసుకుని నా కాళ్ల మధ్య దూరింది. చప్పుడుకు భయపడే పిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

సంచి విప్పితే గట్టి పిండి పలక బయటికి వచ్చింది. నాన్న అంచు తుంచి వాసన చూశారు. "తెలకపిండి. పశువులకు పెడతారా అడుగు" అన్నారు. అడిగాను. మర నడిపే ఆయన అవునన్నారు. ఆ తర్వాత పది నిమిషాలు నాకు అనువదించడమే పని. వాళ్ల ఎద్దు కళ్లకు గంతలు కట్టేవాళ్లమని నాన్న, మా గాలికి గంతలు కట్టలేమని ఆయన. పళ్లచక్రాల చెక్క పళ్లకు రాసే తేనెమైనం ఉండ తీసి నాన్న చేతిలో పెట్టారు. నాన్న దాన్నీ వాసన చూశారు.

'డి కాట్', పిల్లి, రంగులు నూరే మర. గాలితో రంగులు నూరుతూ పని చేస్తున్న మర ప్రపంచంలో ఇదొక్కటే మిగిలిందంటారు. పైన చుట్టూ ఉన్న వసారా నుంచి నది అందంగా కనిపిస్తుంది, రెక్కలు మాత్రం చెవి పక్కనే హోరుమంటూ దాటుతాయి. కానీ మెట్లు మెట్లు కావు, నిచ్చెనలు. ఎక్కేటప్పుడు ధైర్యంగా ఎక్కిన చిన్నది దిగేటప్పుడు బిక్కచచ్చిపోయింది. ముఖం మెట్ల వైపు పెట్టి, వెనక్కి ఒక్కో అడుగూ దింపాలి. కింద ఒకరు, పైన ఒకరు ఉంటే మేలు. నాన్న కింద రంగులు నూరే రాయి దగ్గరే ఉండిపోయారు. ఇంకో మాట: తిరిగే చక్రాల పక్క నుంచే నడవాలి. నా చున్నీ చూసి గుమ్మంలోనే ఒకావిడ సైగ చేసింది, నడుముకు చుట్టుకున్నాను. చిన్నదాని జడలూ ముడి వేశాను. బిడ్డల బండి తేవద్దు, ఏ మరలోనూ ఎక్కదు.

ఒక్కో మరకు టికెట్టు వేరు, అన్నీ అన్ని రోజులూ తెరవరు. వెళ్లే ముందు చూసుకోవాలి. రెండు మరలు చాలు, మూడోది ఎక్కితే పిల్లలు చతికిలపడతారు. చెక్క బూట్లు చేసే చోట ఐదు నిమిషాలు సరదాగా ఉంటుంది, ఆ తర్వాత అది దుకాణమే. పర్యాటకుల బస్సులు వచ్చే లోపు, అంటే పొద్దున్నే, మరలు చూసేసుకోండి. పక్కనున్న ఒక హోటల్లో అట్టు లాంటి పాన్‌కేకు కోసం గంట కూర్చుని, చివరికి ఆర్డరే రాసుకోలేదని తెలిసి లేచి వచ్చాం. నది ఒడ్డు బల్ల మీద పులిహోర విప్పాం. రెండు బాతులు వచ్చి చాలాసేపు మర్యాదగా నిలబడ్డాయి.

కిండర్‌డైక్ సంగతి చాలామంది అడుగుతారు. అక్కడ పంతొమ్మిది మరలు, ఎక్కువ భాగం 1738-1740 మధ్య కట్టినవి, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. రాటర్‌డామ్ నుంచి పడవలో వెళ్లడమే సగం సంబరం. చూడడానికి జాన్సె స్ఖాన్స్ కంటే అదే అందం. కానీ ఆ మరలు చేసిన పని నీళ్లు తోడడం. పల్లపు పొలాల నీటిని ఎత్తైన కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి పంపడం. పెద్దలకు అది గొప్ప సంగతి. డెల్టాలో పుట్టి మురుగు కాలువల గొడవల్లో పెరిగిన నాన్న అక్కడ గంటన్నర కదల్లేదు. ఐదేళ్ల పిల్లకు నీళ్లు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తే ఏమిటి? దానికి నచ్చిందల్లా ఆ ఊరి పేరు వెనక కథ. 1421 వరదలో ఊయల ఒకటి తేలుతూ వస్తుంటే, అది ఒరిగిపోకుండా ఒక పిల్లి అటూ ఇటూ గెంతుతూ లోపలి బిడ్డను గట్టుకు చేర్చిందట. కిండర్‌డైక్ అంటే బిడ్డ గట్టు. పదేళ్లు దాటిన పిల్లలుంటే, సైకిళ్లు తొక్కగలిగితే అక్కడికే వెళ్లండి. అంతకంటే చిన్నవాళ్లకు గొర్రెపిల్లే.

మరి దూరం వెళ్లలేని వాళ్లకు: నెదర్లాండ్స్‌లో చాలా ఊళ్లలో మరలను ఇష్టంగా నడిపే స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటారు. మర మీద నీలి జెండా ఎగురుతుంటే లోపలికి రమ్మని అర్థం. మే నెల రెండో వారాంతంలో దేశమంతటా మరల పండుగ, వందల మరలు తలుపులు తెరుస్తాయి. నాన్న తిరుగు టికెట్టు మే మొదటి వారానికి ఉంది. దాన్ని పది రోజులు జరపడానికి ఎంత అవుతుందో కనుక్కోమని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆయనే అడిగారు.