సీపాప్ సరే, ముందు ఆ ట్యూబ్ సంగతి చూడండి

సీపాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ గుండా గాలి కొట్టే మెషీన్) వాడేవాళ్ళు ఎవరు తగిలినా నేను మొదట అడిగేది ప్రెషర్ ఎంత, మాస్క్ ఏ రకం అని కాదు. మెషీన్ నుంచి మాస్క్‌కి గాలి తెచ్చే ట్యూబ్ మామూలుదా, వేడెక్కేదా అని. కొందరు వింతగా చూస్తారు. చూడనీండి. ఏళ్ళ తరబడి దీన్ని ముక్కుకి తగిలించుకుని పడుకుంటున్నాను. ఈ సరంజామా మొత్తంలో నాకు అసలైన మేలు చేసింది ఆ ట్యూబే.

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడం. స్లీప్ స్టడీలో నా ఏహెచ్‌ఐ 40 దగ్గర తేలింది. అంటే గంటకి అన్నిసార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో. 30 దాటితే తీవ్రం కిందే లెక్క. ఆటో సీపాప్ (గాలి ఒత్తిడిని అవసరాన్ని బట్టి తనే మార్చుకునేది), ముక్కు వరకే ఉండే మాస్క్ రాసిచ్చారు. గురక ఆ రాత్రే ఆగింది. పక్క గదికి మకాం మార్చిన మా ఆవిడ కొన్నాళ్ళకి దిండు పట్టుకుని వెనక్కి వచ్చేసింది. మధ్యాహ్నం కుర్చీలోనే కళ్ళు మూతలు పడటం తగ్గింది. పొద్దున్నే స్క్రీన్ మీద ఏహెచ్‌ఐ 2, పక్కనే నవ్వుముఖం బొమ్మ. ఆ అంకెని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకు తిరిగేవాణ్ణి.

అయినా ఎక్కడో లోటు. మెషీన్ పెట్టుకున్నాక రాత్రి బాత్రూమ్‌కి లేవడం దాదాపు పోయింది గానీ, తెల్లవారుజామున మాత్రం లేవక తప్పేది కాదు. నిద్ర లేచేసరికి తల బరువు. కొన్ని పొద్దులు మాస్క్ దిండు పక్కన పడి ఉండేది, ఎప్పుడు తీశానో గుర్తుండేది కాదు.

బాత్రూమ్ గోల చెబితే డాక్టరు వెంటనే పట్టేశారు. గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలి కోసం లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడికి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, దాంతో కిడ్నీలు మూత్రం పెంచుతాయి. ఆప్నియా ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు పదేపదే లేవడానికి ఇదీ ఒక కారణమట. "తెల్లవారుజామున మాత్రమే లేస్తున్నారంటే ఆ వేళకి మాస్క్ ఉంటోందా?" అని అడిగి, మెషీన్‌లోని ఎస్‌డీ కార్డు తెమ్మన్నారు.

కార్డులో రాత్రంతా నిమిషం నిమిషానికీ నమోదై ఉంటుంది. మీరే చూసుకోవాలంటే ఓస్కార్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా మోడళ్ళ కార్డులు అందులో తెరుచుకుంటాయి. నా గ్రాఫు నాలుగింటి దాకా బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత మాస్క్‌లోంచి గాలి బయటికి పోవడాన్ని చూపే లీక్ గీత నిలువునా లేచింది, అక్కడితో గ్రాఫు ఆఖరు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

నవ్వుముఖం మీద నాకు కోపం వచ్చింది ఇక్కడే. స్క్రీన్ మీది ఏహెచ్‌ఐ, మాస్క్ పెట్టుకున్న గంటలకే లెక్క. తీసేశాక ఏం జరిగిందో మెషీన్‌కి తెలిసే దారి లేదు. మాస్క్ ఉన్న నాలుగు గంటలు గంటకి 2 చొప్పున 8. మాస్క్ లేని మూడు గంటలు గంటకి 40 చొప్పున 120. మొత్తం 128, ఏడు గంటలతో భాగిస్తే 18. అంటే మధ్యస్థ ఆప్నియాతో తిరుగుతున్నవాణ్ణి చూసి మెషీన్ నవ్వుతోందన్నమాట. పైగా కలలొచ్చే ఆర్‌ఈఎమ్ నిద్ర ఎక్కువగా పడేది రాత్రి చివరి భాగంలోనే. అప్పుడు కండరాలు బాగా వదులైపోతాయి కాబట్టి చాలామందికి ఆప్నియా ముదిరేది కూడా ఆ వేళకే. మందు అసలు కావలసిన వేళకి మందు లేదు. వాడిన గంటలు కూడా అదే స్క్రీన్ మీద ఉంటాయి, కాదనను. మరీ చిన్న అక్షరాల్లో ఉంటాయి.

సరే, మాస్క్ ఎందుకు తీస్తున్నట్టు? పట్టుకున్నది మా ఆవిడ. ఆ వేళకి మెలకువ వచ్చి వింటే ట్యూబ్‌లోంచి హుక్కా పీలుస్తున్నట్టు గుడగుడ. లైటు వేసి చూశాం. ట్యూబ్ మంచం అంచు మీంచి కిందికి జారి మళ్ళీ పైకి లేచే వంపులో రెండు చెంచాల నీళ్ళు నిలిచి, ఊపిరి తీసినప్పుడల్లా ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. పక్కకి తిరిగితే ఆ చల్లటి నీళ్ళు సరాసరి ముక్కులోకే. నిద్రలోనే లాగి పారేయక ఎవరైనా ఏం చేస్తారు!

మెషీన్‌లో గాలికి తేమ పట్టించే నీళ్ళ తొట్టి, అంటే హ్యూమిడిఫయర్‌లో వేడెక్కి తేమ పట్టిన గాలి చల్లటి ట్యూబ్‌లో నడుస్తుంటే ఆ తేమ నీరై గోడలకి పడుతుంది. గది బాగా చల్లబడేది తెల్లవారుజామున, నీళ్ళు చేరేదీ అప్పుడే. ఖర్చు లేని ఉపాయాలన్నీ చేశాను. మెషీన్‌ని తలకంటే కింద పెట్టాను, నీళ్ళు వెనక్కి జారేలా. ట్యూబ్‌కి గుడ్డ తొడిగాను. తేమ తగ్గించాను. తేమ తగ్గిస్తే నీళ్ళు తగ్గాయి గానీ, ముక్కు ఎండి పొద్దుటికి నెత్తురు చారలు. పెంచితే మళ్ళీ గుడగుడ.

వేడి ట్యూబ్ పెట్టాక ఆ పీడ విరగడైంది. గోడలో సన్నటి తీగ చుట్టి ఉంటుంది, మాస్క్ వైపు కొసన ఉష్ణోగ్రత చూసే చిన్న సెన్సర్. 27 డిగ్రీల మీద పెట్టి వదిలేశాను. ట్యూబ్ పొడిగా, ముక్కు తడిగా. నిద్ర తెల్లారేదాకా ఒకే సాగు. తెల్లవారుజాము బాత్రూమ్ కూడా క్రమంగా పోయింది. నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ 1981లో ఈ చికిత్స ఫలితాలు ప్రచురించిన కాలంలో వాక్యూమ్ క్లీనర్ మోటార్లతో గాలి కొట్టి, మాస్క్‌ని ముక్కుకి అతికించేవారట. గాలితో గొంతుని తెరిచి ఉంచడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ గాలిని రాత్రంతా భరించేలా చేసే చిన్నచిన్న సౌకర్యాలే తర్వాత వచ్చినవి.

అందరూ కొనాలా అంటే చెప్పలేను. నాది చల్లబడే గది, ఎండిపోయే ముక్కు, తీవ్రమైన ఆప్నియా. గది వెచ్చగా ఉండేవాళ్ళకి మామూలు ట్యూబ్ చాలు, కొందరికి హ్యూమిడిఫయరే అక్కర్లేదు. నోరు తెరుచుకుని పడుకునేవాళ్ళ బాధ వేరు, వాళ్ళు ముందు మాస్క్ రకం తేల్చుకోవాలి. వెల్లకిలా పడుకుంటేనే వచ్చే స్వల్ప ఆప్నియా అయితే పక్కకి తిరిగి పడుకోవడంతోనే తగ్గొచ్చు, అది డాక్టరుతో మాట్లాడుకోవాల్సిన సంగతి. గుండెకి పూర్తి రక్ష అని కూడా నేను చెప్పను. ఇప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బున్నవాళ్ళ మీద చేసిన సేవ్ అధ్యయనంలో (2016) సీపాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మగత, గురక మాత్రం తగ్గాయి. వాళ్ళు రాత్రికి సగటున వాడింది 3.3 గంటలే. ఆ అంకె చూస్తే నాకు నా నాలుగింటి గ్రాఫే గుర్తొస్తుంది.

కొనేముందు మీ మోడల్‌కి పడుతుందో లేదో కనుక్కోండి, ఒక కంపెనీ వేడి ట్యూబ్ ఇంకో కంపెనీ మెషీన్‌కి సాధారణంగా పట్టదు. ధర కూడా మామూలుదాని కంటే ఎక్కువే. పాత ట్యూబ్ పారేయొద్దు. బ్యాటరీ మీద నడపాల్సి వస్తే ఈ వేడి, హ్యూమిడిఫయర్ కలిసి చార్జింగ్‌ని తెల్లారకముందే తినేస్తాయి, అప్పుడు రెండూ ఆపి పాతదే తగిలించుకుంటున్నాను.