రెండు స్వరాలతో జాజ్ బ్లూస్ నేర్పే పియానో కోర్సు

సినిమా పాటలకు మేజర్, మైనర్ కార్డ్‌లు (ఒకేసారి కలిపి వాయించే స్వరాల గుంపులు) వాయించగలిగినవారు జాజ్ వైపు రాగానే ఎడమ చేయి మొరాయిస్తుంది. నాలుగైదు స్వరాల కార్డ్‌ను వేళ్లు వెతుక్కునేలోపే తాళం తప్పుతుంది. నేను ఇటీవల పూర్తిచేసిన ఈ ఆన్‌లైన్ వీడియో కోర్సు ఎఫ్ స్కేల్‌లోని పన్నెండు బార్ల (తాళ ఆవర్తనాల) బ్లూస్‌ను తీసుకొని, ప్రతి కార్డ్‌లోనూ దాని మూలస్వరం (కార్డ్‌కు పేరిచ్చే స్వరం) నుంచి లెక్కిస్తే వచ్చే మూడవ, ఏడవ స్వరాలను మాత్రమే ఉంచి, మిగిలినవన్నీ వదిలేయమంటుంది. కార్డ్ స్వభావాన్ని చెప్పేవి ఆ రెండే కనుక ఇది సరైన నిర్ణయం.

దీని అందం వాయిస్తేనే తెలుస్తుంది. ఎఫ్ సెవెన్‌కు మిడిల్ సి దిగువన ఇ ఫ్లాట్, ఎ పట్టుకొని, రెండు వేళ్లనూ (నల్ల మెట్లను కూడా లెక్కిస్తూ) ఒక్కో మెట్టు కిందికి జరిపితే డి, ఎ ఫ్లాట్ వస్తాయి; అది బి ఫ్లాట్ సెవెన్. మొదటి చోటు నుంచి ఒక్కో మెట్టు పైకి జరిపితే ఇ, బి ఫ్లాట్. అది సి సెవెన్. బ్లూస్‌కు ఆధారమైన మూడు కార్డ్‌లూ ఇలా చేయి కదలకుండానే అందుతాయి. ఈ పాఠాన్ని తొందరపడకుండా, వేళ్లను దగ్గరగా చూపిస్తూ చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది.

లయ పాఠం కూడా బాగుంది. మొదటి బీట్ మీద ఒకసారి, రెండవ బీట్ దాటిన అరబీట్ మీద మరోసారి వాయించే చార్ల్స్‌టన్ లయను నేర్పి, తక్కిన చోట నిశ్శబ్దాన్ని ఉంచమంటారు. అమెరికన్ జాజ్ పియానిస్ట్ కౌంట్ బేసీ తన బ్యాండ్‌లో కొద్ది స్వరాలతోనే ఎంత ఊపు తెచ్చేవారో విన్నవారికి ఈ సలహా విలువ వెంటనే అర్థమవుతుంది.

లోపం బేస్ (అన్నిటికన్నా కింద మోగే మంద్ర స్వరాలు) విషయంలో ఉంది. ఎ, ఇ ఫ్లాట్ జంట ఎఫ్ సెవెన్‌కే కాదు, బి సెవెన్‌కు కూడా చెందుతుంది కాబట్టి, కింద మూలస్వరం వినిపించకపోతే అది ఏ కార్డో చెవికి తేలదు. అయినా సాధనకు బేస్ ట్రాక్ ఇవ్వలేదు. ఒంటరిగా సాధన చేసేవారు ఎడమ చేత్తో మూలస్వరాన్ని, కుడి చేత్తో ఈ జంటను వాయించుకోవాలి. ఎనిమిదవ బార్ నుంచి వచ్చే డి సెవెన్, జి మైనర్ సెవెన్, సి సెవెన్ వరుసను కూడా ఒక్క చిన్న వీడియోలో ముగించేశారు; జాజ్ బ్లూస్‌ను మామూలు బ్లూస్ నుంచి వేరు చేసేది ప్రధానంగా ఆ వరుసే కనుక దానికి ఇంకో రెండు పాఠాలైనా కేటాయించాల్సింది.

కార్డ్‌ల పరిచయం ఉండి, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి) రానివారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. పెద్ద పియానో అవసరం లేదు, 61 మెట్ల కీబోర్డు చాలు.