పనారియాలో ఒక్క రాత్రయినా ఉండండి

పనారియాకి మేం నాలుగు రోజుల్లో రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి లిపారి అనే పక్క దీవి నుంచి టూరు పడవలో వెళ్లి అదే రోజు తిరిగొచ్చాం. రెండోసారి రాత్రి బసకు వెళ్లాం. ఎవరైనా అడిగితే నేను ఆ రెండోసారి గురించే చెప్తాను.

సిసిలీకి ఉత్తరాన ఉన్న ఏయోలియన్ దీవుల్లో జనం ఉండేవి ఏడు. వాటిలో అన్నిటికన్నా చిన్నది పనారియా, మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. వేసవిలో యూరప్‌లోని డబ్బున్నవాళ్లంతా సొంత పడవల్లో అక్కడికే వస్తారు. అందుకే ఆగస్టు వద్దనుకుని సెప్టెంబరు చివర్లో వెళ్లాం. రాజమండ్రి నుంచి మా అమ్మ వచ్చింది, నేను మ్యూనిక్ నుంచి తీసుకెళ్లాను. కటానియాలో విమానం దిగి, బస్సులో మిలాజ్జో రేవుకు చేరి, అక్కడ పడవ ఎక్కాం.

పడవలు రెండు రకాలు. అలిస్కాఫో అనేది వేగంగా వెళ్తుంది గానీ లోపల సీట్లో కూర్చోవాల్సిందే. అలలు ఎక్కువగా ఉంటే కడుపులో తిప్పేస్తుంది. దారిలో వచ్చే వల్కానో దీవి దాటేసరికి అమ్మ కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. పెద్ద ఫెర్రీ నెమ్మదిగా వెళ్తుంది, కానీ పైన గాలికి నిలబడొచ్చు. వాంతుల భయం ఉన్నవాళ్లు టైమ్ పోయినా ఫెర్రీయే ఎక్కండి.

లిపారిలో మూడు రాత్రులు ఉన్నాం. రేవుకు దగ్గరలో గది, కింద కూరగాయల కొట్టు, గదిలోనే చిన్న వంటిల్లు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మకాం పెట్టడానికి లిపారే సరైన చోటు. కోటలో ఉన్న పురావస్తు మ్యూజియం మాత్రం వదలొద్దు. పనారియాలోని మిలాజ్జేసె కొండకొమ్ము మీద దొరికిన కంచుయుగం కుండలు అక్కడే ఉన్నాయి. వాటిని ముందు చూసి వెళ్లాం కాబట్టే, ఆ కొమ్ము మీద 3,400 ఏళ్ల నాటి గుడిసెల రాతి పునాదులు చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. గుండ్రంగా, కోలగా పేర్చిన రాళ్లు. మూడు వైపులా నిటారుగా సముద్రంలోకి దిగే కొండ. కింద కాలా జుంకో అనే చిన్న ఖాతంలో నీళ్లు ఆకుపచ్చగా, అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. అక్కడిదాకా మెట్లెక్కాలి. అమ్మ మోకాళ్లకు అది కష్టమని కింద జిమ్మారి ఇసుక ఒడ్డునే కూర్చోబెట్టి వెళ్లాను.

టూరు పడవ సంగతి చెప్పాలి. ఏదో గ్రూప్ రాలేదని ముప్పావు గంట ఆలస్యంగా బయల్దేరదీశారు. ఆ ఆలస్యాన్ని పనారియా సమయంలోంచి కోసేశారు. రెండు గంటలన్నది గంటయింది. మైకులో చెప్పేదంతా ఇటాలియన్‌లోనే. అంత డబ్బు తీసుకుని అలా చేయడం నాకు చాలా బాధనిపించింది. ఎక్కేముందే ఎక్కడ ఎంతసేపు ఆపుతారో అడిగి రాయించుకోండి.

ఆ పడవ చేసిన ఒక మంచి పని, లిస్కా బియాంకా అనే చిన్న రాతి దీవి దగ్గర ఇంజన్ ఆపడం. చప్పుడు ఆగాక చూస్తే సముద్రం అడుగు నుంచి సన్నటి బుడగలు దారాల్లా పైకి వస్తున్నాయి, గోళీసోడా కొట్టినట్టు. కుళ్లిన కోడిగుడ్డు వాసన.

"ఏమే, నీళ్లు మరుగుతున్నాయా?" అంది అమ్మ.

"లేదమ్మా, భూమిలోంచి గ్యాస్ వస్తోంది" అన్నాను.

చెయ్యి ముంచి చూసుకుని గానీ నమ్మలేదు. 2002 నవంబరులో ఈ చుట్టుపక్కలే గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్ని సముద్రం తెల్లగా పొంగిందట. ఆ మాట అమ్మకు రేవుకు చేరాకే చెప్పాను.

రెండు రోజుల తర్వాత బసకు వచ్చినప్పుడు సాన్ పియెత్రో రేవులో దిగాం. ఇక్కడ కార్లు లేవు. సామాన్లు, మనుషులు అంతా కరెంటు బండ్ల మీదే. తెల్లటి సున్నపు గోడలు, నీలం తలుపులు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు. సందులు ఎంత సన్నమంటే బండి వస్తే గోడకు ఆనుకోవాలి. మా గదికి ఒక్క రాత్రికి ఇచ్చిన డబ్బుతో లిపారిలో మూడు రాత్రులు ఉండొచ్చు. గది చిన్నది, శుభ్రంగా ఉంది. మంచినీళ్లు ఓడలో తెచ్చుకునే దీవి కాబట్టి స్నానానికి నీళ్లు పొదుపుగా వాడమని ఇంటావిడ మర్యాదగా చెప్పింది. శాకాహారులకు భోజనం ఇబ్బంది లేదు. పానె కున్సాతో అనే కాల్చిన రొట్టె మీద టమాటాలు, ఆలివ్‌లు, ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు వేసి ఇస్తారు. చేప వేయొద్దని ముందే చెప్పాలి. ఒక మొగ్గ నోట్లో వేసుకుని, "ఉప్పు ఎక్కువైంది, కడిగి వేయాల్సింది" అని అమ్మ తీర్పు చెప్పింది, కానీ ఒక పొట్లం కొనుక్కుంది.

సాయంత్రం టూరు పడవలన్నీ వెళ్లిపోయాక ఊరు మా చేతికి వచ్చినట్టయింది. వీధి దీపాలు లేవు, ఫోన్ లైటుతో నడిచాం. డాబా మీద రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఎదురుగా సముద్రంలో స్ట్రాంబోలి అగ్నిపర్వతం నల్లటి శంకువులా నిలబడి ఉంది. ముందు ఏమీ లేదు. తర్వాత కొన మీద నిప్పు ఊదినట్టు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ. అమ్మ శాలువా కప్పుకుని "ఇంకొక్కటి చూసి పడుకుందాం" అంటూ అర్ధరాత్రి దాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో గాలి పెరిగి మేం ఎక్కాల్సిన అలిస్కాఫో రద్దయింది. టెన్షన్ పడ్డాను గానీ మధ్యాహ్నం ఫెర్రీ దొరికింది, పైగా విమానానికి ఇంకా ఒకరోజు ఉంది. మీరు కూడా చివరి రాత్రి దీవిలో పెట్టుకోకుండా మిలాజ్జోలో గది తీసుకోండి.